వానకు మన ముంగిట్లో చోటుందా?

(హైదరాబాద్ పాతనగరంలో మసీదు కమిటీల బాధ్యులు, యువకులు, మహిళలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజినీరును కాను, ఆలిమ్‌ను అంతకన్నా కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ని. కాగితం చదవడం, లెక్క సరిచూడటం, అర్జీ రాయడం నాకు తెలిసిన విద్యలు. నీటి గురించి మాట్లాడమని మీరు నన్ను కోరినప్పుడు, నాకు తెలిసిన పద్ధతిలోనే మాట్లాడతానని ఒప్పుకున్నాను. జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి, బాకీ ఎవరిదో తేల్చడమే ఆ పద్ధతి. ఈ లెక్కలో ప్రభుత్వం మనకు పడిన బాకీ ఉంది. మనం నీటికి పడిన బాకీ కూడా ఉంది. రెండింటినీ దాచకుండా చెబుతాను.

2020 అక్టోబరు 13 రాత్రిని ఇక్కడున్నవారిలో ఎవరూ మరచిపోయి ఉండరు. ఆ వానకు పల్లెచెరువు తెగింది. కొద్ది రోజులు గడిచాయో లేదో గుర్రం చెరువు కట్ట కూడా తెగింది. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ వంటి బస్తీల్లో జనం కట్టుబట్టలతో మేడల పైకి ఎక్కారు. మా బస్తీలో నడుములోతు నీరు నిలిచింది. నీరు తీశాక, ప్రభుత్వం ప్రకటించిన పది వేల రూపాయల సాయం కోసం అర్జీలు నింపే పని నాకు పడింది. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే, ఆడవాళ్లు తడిసిన కాగితాలు కొంగులో చుట్టుకొని వచ్చేవారు. రేషన్ కార్డులు, నిఖానామాలు, పిల్లల పదో తరగతి మెమోలు. సిరా కారిపోయి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. బట్టలారేసే తీగ మీద వాటిని క్లిప్పులతో ఆరేశాము. జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాణ్ని. కాగితం పోతే పేదవాడికి ఏమి పోతుందో నాకు తెలుసు. ఆ తీగను చూసి నాకు మాట రాలేదు.

అలా వచ్చినవారిలో ఒక ఆటో డ్రైవర్ ఉన్నాడు. వరదకు పదేళ్ల ముందు అతడే ఒక నోటరీ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. అరవై గజాల స్థలం కొంటున్నానన్నాడు. “చాచా, కాగితం సరిగానే ఉందా?” అని అడిగాడు. సర్వే నంబరు చూడగానే నాకు తెలిసింది, అది శిఖం భూమి అని. శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీరు పరచుకునే నేల. అది నీటిది; అక్కడ ఇల్లు కట్టుకోవడానికి వీల్లేదు. ఆ మాట నేను గట్టిగా చెప్పి ఉండవలసింది. కానీ అతని చేతిలో భార్య నగలు అమ్మిన డబ్బు ఉంది, ముఖంలో సొంతిల్లు అన్న సంతోషం ఉంది. “అందరూ ఇలాగే కొంటున్నారు బేటా” అన్నాను. రెండు గదులు వేసుకున్నాడు. 2020లో ఆ గదుల్లో నీరు గుమ్మాల పైదాకా వచ్చింది. పక్కింటి మేడ మీదికి చేరడం వల్ల పిల్లలు బతికారు. అతడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అర్జీ రాయించుకొని, షుక్రియా చెప్పి వెళ్లిపోయాడు. ఈ రోజు మీ ముందు నిలబడటానికి అసలు కారణం ఆ షుక్రియా.

మిత్రులారా, ఈ నగరం నీటిని ఎలా చూసుకునేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ నగరానికి 1591లో పునాది పడింది. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ సాగర్ తవ్వారు. చార్మినార్ కన్నా ముందు చెరువు వచ్చిందన్నమాట. పంతొమ్మిదో శతాబ్ది తొలి పదేళ్లలో మీర్ ఆలం చెరువు కట్టారు. దాని కట్ట ఒకే గోడ కాదు. 21 అర్ధవృత్తపు కమానులు పక్కపక్కన నిలబడి నీటి బరువును పంచుకుంటాయి. రెండు శతాబ్దాలు దాటినా అది నిలిచే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసుకుంది. ఆ వరదలో ఎగువనున్న చెరువులు రెండు వందలకు పైగా తెగాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. దాని ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికీ, దాహం తీర్చడానికీ ఒకే కట్టడం పనికొచ్చింది. ఆ పెద్దలు తెలుసుకున్నది ఇదే: ముంచే నీరూ, తాగే నీరూ వేర్వేరు కావు. నిలవడానికి చోటు ఇస్తే తాగునీరు అవుతుంది. చోటు ఇవ్వకపోతే వరద అవుతుంది.

మన చెరువులు ఒంటరివి కావు. గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దూకి, కాలువ గుండా కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందిదానికి. చివరకు మూసీకి. ఇప్పుడు మనం నాలా అని ముక్కు మూసుకొని దాటుతున్నది ఆ కాలువనే. అది మురుగు కోసం పుట్టినది కాదు. రెండు చెరువులను కలిపే దారి. ఆ దారిని ఇరవై అడుగుల నుంచి ఆరడుగులకు కుదిస్తే, అలుగు దూకిన నీరు ఎక్కడికి పోవాలి? మన వంటింట్లోకి వస్తుంది. నీరు మన ఇంటికి రాలేదు. తన పాత ఇంటికి వచ్చింది. మధ్యలో మనం ఉన్నాము.

అయితే అక్కడ మనం ఎందుకు ఉన్నామన్న ప్రశ్న కూడా అడగాలి. ఎత్తైన నేల కొనగలిగినవాడు పల్లానికి రాడు. అద్దెకు ఇల్లు వెతికితే పేరు విని తలుపు వేసేవారున్న నగరంలో, మనవాళ్లు మనవాళ్ల మధ్యనే చోటు వెతుక్కుంటారు. ఆ చోటు చవగ్గా దొరికేది చెరువు కిందనో, చెరువులోనో. అమ్మినవాడు డబ్బు తీసుకొని వెళ్లిపోయాడు. కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను రసీదు వచ్చింది, ఓటరు కార్డు వచ్చింది. ఇన్ని వచ్చాక ఇది చెరువు భూమి అని చెబితే, నేరం ఒక్క పేదవాడిదేనా? 2024 జులైలో హైడ్రా ఏర్పడిన నాటి నుంచి ఎఫ్.టి.ఎల్., బఫర్ అన్న మాటలు ప్రతి ఇంట్లో వినబడుతున్నాయి. ఎఫ్.టి.ఎల్. అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు. ఆ హద్దు నుంచి పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలని నిబంధన. నిబంధన మంచిదే. చెరువు బతకాలని మనకన్నా ఎక్కువగా కోరుకునేవారు ఎవరు? తెగితే మునిగేది మనమే కదా. మనం అడగవలసింది చెరువును వదిలేయమని కాదు. హద్దురాయి ప్లాటు అమ్మకముందే పాతమని అడగాలి. ఇల్లు తీయక తప్పని చోట, వేరే ఇల్లు చూపిన తర్వాతే తీయమని అడగాలి. పెద్ద గోడకూ, రేకుల గదికీ ఒకే కొలత పెట్టమని అడగాలి.

ఇది ప్రభుత్వపు బాకీ. ఇక మన బాకీ దగ్గరికి వస్తాను.

మా మసీదు ముంగిలి సుమారు అయిదు వందల గజాలు. ఒకప్పుడు సగం మట్టి నేల, సగం షాబాద్ బండలు. బండల సందుల్లో ఇసుకే తప్ప సిమెంటు లేదు. మూలన ఒక వేపచెట్టు. వాన పడితే గంటలో ముంగిలి ఆరిపోయేది. నీరంతా ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. కొన్నేళ్ల క్రితం కమిటీ సమావేశంలో, బురద అవుతోంది, పండుగలకు ఇబ్బందిగా ఉంది, ముంగిలంతా సిమెంటు వేసి పైన టైల్స్ పరుద్దాం అన్నారు. చెట్టు వేళ్లు టైల్స్‌ను లేపుతాయి కనుక చెట్టు కూడా తీసేద్దాం అన్నారు. ఆ తీర్మానం రాసింది నేనే. నా చేతిరాత రిజిస్టరులో ఇప్పటికీ ఉంది. ముంగిలి తళతళలాడింది. మధ్యాహ్నపు నమాజుకు వచ్చినవారు కాళ్లు కాలి, గంతులేసి లోపలికి పోయేవారు. వాన నీరంతా గేటు దాటి గల్లీలోకి పోయి, కింది వరస ఇళ్ల గుమ్మాలు తడిపేది. నాలుగో వేసవికి బోరు గాలి పోసింది. అప్పటి నుంచి ట్యాంకరు.

ఇప్పుడు లెక్క చూడండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన నగరంలో ఏడాదికి సగటున ఎనిమిది వందల మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురుస్తుంది. అయిదు వందల గజాలంటే సుమారు 418 చదరపు మీటర్లు. అంటే మా ముంగిట్లో ఏడాదికి మూడు లక్షల ముప్పై వేల లీటర్లు పడుతున్నాయి. వంద గజాల ఇంటి కప్పు మీద దాదాపు 67 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే పదమూడు. ఇదంతా భూమిలోకి దిగదు; కొంత ఆవిరవుతుంది, కొంత పారిపోతుంది. మన కింద ఉన్నది నల్లరాతి నేల. పైపొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. అది చిన్న ఖజానా. ఏటా వేస్తేనే ఏటా తీయగలం. మనం వేయడం మానేసి, తీయడం మాత్రం పెంచాము. ఒకరు మూడు వందల అడుగులు వేస్తే, పక్కవారు ఆరు వందలు, ఆ పక్కవారు వెయ్యి. చివరకు కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీటిని అంతకన్నా దూరం నుంచి పైపుల్లో ఎక్కించి తెచ్చుకుంటూ, మన గుమ్మం ముందు పడిన వానను మాత్రం మురుగులోకి తోసేస్తున్నాము.

ఖర్చు పక్కన వజూ ఉంది. ఒక రోజు నేను వజూఖానాలో కుళాయి కింద బకెట్టు పెట్టి కొలిచాను. కుళాయి ధారగా వదిలి వజూ చేసుకునేవారికి ఆరు లీటర్ల దాకా అయింది. అయిదు పూటలూ కలిపి రోజుకు రెండు వందల మంది అనుకుంటే, ఏడాదికి నాలుగు లక్షల లీటర్లు దాటుతుంది. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ద్ అంటే దోసెడు. సుమారు ముప్పావు లీటరు. పారే నది ఒడ్డున ఉన్నా వజూలో దుబారా చేయవద్దన్న ఉపదేశం మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మక్కా మసీదు ముంగిట్లో ఈనాటికీ హౌజు ఉంది. పాత మసీదుల్లో చాలాచోట్ల హౌజు ఉండేది. చేతితో ముంచుకున్నప్పుడు చేతికి కొలత తెలుస్తుంది. కుళాయికి తెలియదు.

మేము ఏమి చేశామో చెబుతాను. పెద్ద ఘనకార్యమేమీ కాదు. మూడేళ్ల క్రితం మళ్లీ ఒక తీర్మానం రాశాను. మొదట కుళాయిలు మార్చాము. సన్నని ధార వచ్చేవి, నొక్కితేనే వచ్చేవి పెట్టాము. బకెట్టుతో మళ్లీ కొలిస్తే మనిషికి రెండు లీటర్లకు దిగింది. రెండోది, వజూ నీటిని మరుగుదొడ్డి నీటితో కలవకుండా వేరే పైపులో మళ్లించాము. ఇది చాలా ముఖ్యం. రెండూ కలిస్తే అంతా మురుగే. ఆ నీరు కంకర, ఇసుక నింపిన ఒక పొడవాటి తొట్టిలోకి వెళ్తుంది. తొట్టిలో మెట్టతామర నాటాము. దాన్ని దాటాక చెట్ల పాదులకు చేరుతుంది. బోరులోకి మాత్రం వదలం, వదలకూడదు. మూడోది, గోడ వెంబడి ఆరడుగుల వెడల్పున టైల్స్ పగలగొట్టి మట్టి తేల్చాము. ముంగిలి వాలు ఆ వైపు తిప్పాము. అక్కడ రెండు వేపలు, ఒక కానుగ పెరుగుతున్నాయి. నాలుగోది, కప్పు మీది వాన కోసం ఇంకుడు గుంత. అడుగున సగం దాకా పెద్ద కంకర, దాని పైన చిన్న కంకర, ఆ పైన దొడ్డు ఇసుక, పైభాగం నీరు నిలవడానికి ఖాళీ. తొలి వాన కప్పు మీది దుమ్మును మోసుకొస్తుంది కనుక దాన్ని బయటికి వదిలి, రెండో వాన నుంచి గుంతలోకి మళ్లిస్తాము. ఏటా మృగశిర కార్తెకు ముందు పై ఇసుక తీసి కడుగుతాము. కడగని గుంత రెండేళ్లలో పూడిపోతుంది. తవ్వి ఫోటో దిగి వదిలేసిన గుంతలు మన నగరంలో ఎన్నో ఉన్నాయి.

బోరు పొంగిందని నేను చెప్పను. నడి వేసవిలో ఇప్పటికీ ట్యాంకరు పిలుస్తున్నాము. కానీ వారానికి మూడు వచ్చేవి, ఇప్పుడు ఒకటి. గల్లీలో కింది వరస ఇళ్లవారు, మసీదు నీరు మా గుమ్మంలోకి రావడం లేదని అన్నారు. నాకు ఆ మాటే పెద్ద ప్రతిఫలం. మన మసీదు నీరు పొరుగువాడి ఇల్లు ముంచుతుంటే, ఆ పొరుగువాడు ఏ మతంవాడైనా సరే, మన వజూకు ఏమి శోభ?

ఖబరస్తాన్ల గురించి ఒక మాట. నగరంలో ఇంకా మట్టి నేలగా మిగిలిన పెద్ద స్థలాల్లో అవి కూడా ఉన్నాయి. దారులన్నిటికీ సిమెంటు వేయాలన్న ఉత్సాహం చాలా కమిటీల్లో చూస్తున్నాను. నడవడానికి ఒక్క దారి చాలు. మిగిలిన నేలను నేలగా ఉంచండి. అక్కడ ఇంకుడు గుంతలు, బోర్లు మాత్రం వద్దు. గడ్డి, చెట్లు చాలు. ఈద్గాహ్‌లు, మదరసాలు, షాదీఖానాల ముంగిళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పాత బావులుంటే చెత్తతో పూడ్చకండి. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఒక బావి గోడ 2013లో కూలిపోతే తిరిగి నిలబెట్టారు. అక్కడి బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. చెత్తతో నిండిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా అదే ఏడాది మళ్లీ నీళ్లతో కళకళలాడింది. వాళ్లు చేయగలిగింది మనం చిన్న ఎత్తున చేయలేమా?

మన లెక్క సరిచేసుకున్నాక, తల ఎత్తి అడగవలసినవి అడుగుదాం. గుమాస్తాగా ఒక రహస్యం చెబుతాను. “మా బస్తీలో సమస్యలు ఉన్నాయి, పరిష్కరించగలరు” అని రాసిన అర్జీ ఫైలులో నిద్రపోతుంది. ఫలానా నాలా, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా, ఇంత వెడల్పు ఉండాలి, ఇంతే ఉంది, ఫోటో జతపరచడమైనది అని రాసిన అర్జీకి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. అందుకున్నట్టు ముద్ర వేయించుకోకుండా కదలకండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అడగవలసినవి ఇవి: జూన్ రాకముందే నాలా పూడిక తీయాలి, తీసిన పూడికను గట్టు మీద వదలకుండా ఎత్తుకుపోవాలి. కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతదాన్ని గీకి వేయాలి. పొర మీద పొర వేసి ఇళ్లను గోతిలోకి తోయకూడదు. చెరువు హద్దుల పటాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ బస్తీలో అందరికీ కనబడేచోట పెట్టాలి. నోటరీ కాగితం చేతికి రాకముందే ఆ పటం కొనేవాడి కంట పడాలి.

ఇంకొక మాట. నీటి లెక్క నిజంగా తెలిసినవారు ఆడవాళ్లు. బిందె ఎన్ని అడుగులు మోయాలో, ట్యాంకరు ఏ వేళకు వస్తుందో, వాన పడితే ఏ మూల నుంచి నీరు లోపలికి వస్తుందో వాళ్లకే తెలుసు. కమిటీ సమావేశంలో వాళ్లు లేకుండా మనం నీటి తీర్మానాలు రాస్తున్నాము. మా టైల్స్ తీర్మానం నాడు మా ఇంట్లో ఒక్క మాట అడిగి ఉంటే, అది రాసేవాణ్ని కానేమో.

ఆ ఆటో డ్రైవర్ ఇప్పటికీ ఆ రెండు గదుల్లోనే ఉంటున్నాడు. మబ్బు పట్టిన రాత్రి పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టి పడుకుంటాడట. అతని ఇంటి సంగతి ఇంకా తేలలేదు. దాని కోసం అర్జీలు రాస్తూనే ఉన్నాను. ఈ మధ్య ఇంకొక కుర్రవాడు నోటరీ కాగితం తెచ్చి చూపించాడు. ఈసారి చెప్పవలసిన మాట చెప్పాను. కోపంగా వెళ్లిపోయాడు. పోనీ.

మీరందరూ ఒక్క పని చేయండి. ఈ ఏడు తొలి పెద్ద వాన కురిసినప్పుడు, గొడుగు పట్టుకొని మీ మసీదు ముంగిట్లో పది నిమిషాలు నిలబడండి. నీరు ఎటు పోతోందో చూడండి. ఎవరి గుమ్మం వైపు పోతోందో చూడండి. తీర్మానం ఆ తర్వాత రాయవచ్చు.

అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక.